లక్ష్యానికి ముందు క్యాలెండరు

కొత్త సంవత్సరం తీర్మానాలు మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో చాలామట్టుకు పన్నెండు రోజులే బతుకుతాయి. కారణం బద్ధకం కాదు, భోగి. జనవరి 1న ‘రోజూ నడుస్తాను, తీపి ముట్టను, నెలకి ఐదు వేలు దాస్తాను’ అని రాసుకున్న మనిషికి పదమూడో తారీఖు వచ్చేసరికి ఇల్లు నిండిపోతుంది. హైదరాబాదు నుంచి తమ్ముడు, విశాఖ నుంచి కూతురూ అల్లుడూ దిగుతారు, చెన్నై పనికెళ్ళిన పక్కింటోళ్ళు వస్తారు. పొయ్యి మీద అరిసెల పాకం ఉంటుంది. దాచాల్సిన ఐదు వేలు బట్టల కొట్టుకి పోగా ఇంకో పది వేలు చేబదులు తేవాల్సొస్తుంది. ‘పండగెల్లిపోనీ, అప్పుడు చూద్దాం’ అంటాం. పండగ వెళ్ళేసరికి తీర్మానం కూడా వచ్చినవాళ్ళతోపాటే రైలెక్కేస్తుంది.

దీన్ని మనోబలం లేకపోవడం కింద కొట్టిపారేస్తారు. ఆ మాట నమ్మబుద్ధి కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూరల సంతకి బయల్దేరేవాళ్ళూ, ఏళ్ళ తరబడి కార్తీక సోమవారం ఉపవాసం తప్పనివాళ్ళూ మన వీధిలోనే ఉన్నారు. ఆ ఉపవాసం ఎందుకు నిలబడుతోందో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. ఏ వారమో తెలుసు, ఎన్ని వారాలో తెలుసు, పొద్దున్న ఏం చేయాలో, చుక్క కనబడ్డాక ఏం తినాలో ముందే తేలిపోయింది. ఒంట్లో బాగోని మనిషికి పాలూ పళ్ళూ పుచ్చుకునే వెసులుబాటూ ఉంది. పైగా అది ఏడాది పొడుగునా కాదు, నెల రోజులే. ‘ఇకనుంచి ఆరోగ్యంగా ఉంటాను’ అనే తీర్మానంలో వీటిలో ఒక్కటీ లేదు. 365 రోజులూ ఒకేలా ఉండే ఏడాదిని ఊహించుకుని రాసుకున్నది అది. అలాంటి ఏడాది శ్రీకాకుళంలోనూ లేదు, విజయనగరంలోనూ లేదు.

కాబట్టి లక్ష్యం తర్వాత, ముందు క్యాలెండరు. గోడ మీదున్న తెలుగు క్యాలెండరే దించండి. బ్యాంకువాళ్ళో బట్టల కొట్టువాళ్ళో ఇచ్చినది, గడిలో తిథీ వర్జ్యమూ అచ్చయి, పక్కన పెన్సిలుతో పాల లెక్క, ఓ మూల గ్యాస్ బుక్ చేసిన తేదీ ఉండేది. ఈ పనికి ఫోన్లో యాప్ కన్నా అదే నయం. ఇంట్లో అందరి కళ్ళా పడుతుంది, పాలు రాని రోజున ఇంటూ కొట్టే అలవాటు ఎలాగూ ఉంది. ఎర్ర పెన్ను తీసుకుని, లక్ష్యం గురించి ఒక్క ముక్క రాయకుండా, పని జరగని రోజుల్ని ముందు కొట్టెయ్యండి.

జనవరి 12 నుంచి 16 దాకా ఐదు రోజులు పోయినట్టే. మాఘంలో రథసప్తమికి అరసవల్లి చుట్టుపక్కలవాళ్ళకి రెండు రోజులు. మార్చి నుంచి మే వరకు ఉద్దానంలో జీడి పిక్కల కాలం. తెల్లారకుండానే తోటలో ఉండాలి, 80 కిలోల బస్తా బేరం తెగేదాకా మనసు ఇంకో పని మీదికి పోదు. ఆ నెలల్లోనే పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, గ్రామదేవతల సంబరాలు. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు. జూలై, ఆగస్టుల్లో ఉభాలు (వరి నాట్లు), పొలం ఉన్న ఇంట్లో ఆడా మగా అందరూ మళ్ళోనే. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. చుట్టాలు రాని ఇల్లు ఆ ఊళ్ళో ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, నూర్పులు.

వీటికి తోడు తుఫాను. ఫైలిన్ వచ్చింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ ఆ నెల రెండో వారంలోనే. ఏటా వస్తుందని కాదు. కానీ అక్టోబరు నెలంతా గట్టి లక్ష్యాలు పెట్టుకునేవాళ్ళు కరెంటు లేని నాలుగు రోజుల్ని లెక్కలో వేసుకోవడం మంచిది.

అందరికీ అన్నీ వర్తించవు. ఉద్యోగస్తుడికి ఉభాలు ఉండవు, రైతుకి మార్చి 31 ఆడిట్లు ఉండవు. ఎవరివి వాళ్ళు కొట్టుకున్నాక, చెప్పకుండా వచ్చే జ్వరాలకీ చావులకీ ఇంకో పదిహేను రోజులు విడిగా తీసెయ్యాలి. ఇలా నిజాయితీగా కొడితే 365లో 250 నుంచి 290 దాకా మిగులుతాయి. లక్ష్యం కొలత ఆ మిగిలినదానికి తీసుకోవాలి. రోజుకి పది పేజీలు చదువుతానంటే ఏడాదికి 3,650 కాదు, 250 రోజుల లెక్కన 2,500 పేజీలు. 250 పేజీల పుస్తకాలు పది. ‘పది పుస్తకాలు’ అని రాసుకున్నవాడు నవంబరులో గట్టెక్కుతాడు. ‘పద్నాలుగు’ అని రాసుకున్నవాడు ఏప్రిల్లోనే వెనకబడి, జూన్‌లో మానేస్తాడు. ఇద్దరూ రోజుకి చదివింది ఆ పది పేజీలే.

మొదలుపెట్టే తేదీ జనవరి 17 లేదా 18. చుట్టాలు వెళ్ళిన మర్నాడు. జనవరి 1 మీద అంత మమకారం ఉంటే ఆ రోజున కొట్టివేతల పని చేసుకోవచ్చు, పదిహేను రోజులు దానికి సరిగ్గా సరిపోతాయి.

డబ్బు దాచే లక్ష్యంలో ఈ లెక్క తప్పితే నష్టం రూపాయల్లో కనిపిస్తుంది. ఏడాదికి 42,000 దాయాలనుకున్న ఇంట్లో పన్నెండుతో భాగించి నెలకి 3,500 అంటారు. జనవరిలో పండగ, జూన్‌లో ఫీజులు, అక్టోబరులో దసరా, ఈ మూడు నెలల్లో ఆ 3,500 రాదు. ఒకసారి తప్పిన మీదట ‘ఎలాగూ పోయింది’ అని మిగతావీ తప్పుతాయి. దీన్నే రెండు ముక్కలు చేయండి. నెలకి 2,000 చొప్పున పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్, అంటే ఆర్‌డీ, పన్నెండు నెలలకి 24,000. మిగిలిన 18,000 ఆ మూడు నెలలూ వదిలేసి తొమ్మిది నెలల్లో, నెలకి 2,000. అంటే తొమ్మిది నెలలు 4,000, మూడు నెలలు 2,000. మొత్తం అదే, తప్పే అవకాశం మాత్రం బాగా తగ్గింది.

పోస్టాఫీసు ఆర్‌డీ ఐదేళ్ళది, 60 వాయిదాలు. నెలకి కనీసం 100 రూపాయలు, ఆపైన పదుల్లో ఎంతైనా. నెలలో 15వ తేదీలోపు ఖాతా తెరిస్తే ప్రతి నెలా 15లోపు కట్టాలి, 16 నుంచి తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా గడువుంటుంది. జీతం ఒకటిన పడేవాళ్ళకి మొదటిది మేలు, ఖర్చులు లాగేయకముందే పక్కకి పోతుంది. వాయిదా తప్పితే వందకి రూపాయి అపరాధం, అంటే 2,000 మీద 20 రూపాయలు. చిన్న మొత్తమే కదా అని ఊరుకుంటే నాలుగు వాయిదాలు తప్పేసరికి ఖాతా ఆగిపోతుంది. రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోకపోతే ఇక అందులో కట్టడానికి వీలుండదు. మూడేళ్ళలోపు మూసే అవకాశం లేదు, మూడేళ్ళ తర్వాత మధ్యలో మూస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే వస్తుంది. జూన్ ఫీజులకి మరీ ఇబ్బందైతే మూయాలనే ఆలోచన వద్దు. పన్నెండు వాయిదాలు సక్రమంగా కట్టి ఏడాది నిండిన ఖాతా మీద జమలో సగం దాకా అప్పు ఇస్తారు.

రైతు ఇంటికి నెలనెలా వాయిదా అనేదే కుదరని పని. ధాన్యం డబ్బు ఒకసారి పడుతుంది, పిక్కల డబ్బు ఇంకోసారి. అలాంటివాళ్ళకి ఇదే ఆర్‌డీలో చాలామంది వాడుకోని సదుపాయం ఉంది. ఆరు వాయిదాలు ముందే కట్టేస్తే వందకి 10 రూపాయలు, పన్నెండు కట్టేస్తే వందకి 40 రూపాయలు తగ్గింపు. ఆ వంద అనేది నెల వాయిదా లెక్క. 2,000 వాయిదా ఉన్నవాళ్ళకి ఆరు నెలలకి 200, పన్నెండుకి 800 కలిసొస్తాయి. ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డ వారంలో ఆరు, పిక్కలు అమ్మాక ఆరు కట్టేస్తే ఏడాది పని రెండు రోజుల్లో అయిపోతుంది. నెలనెలా మనోబలంతో పని లేదు. చీటీ కడితే నలుగురి మధ్య పరువు కోసమైనా వాయిదా తప్పదన్నది నిజమే. కానీ రిజిస్టరు కాని చీటీ నడిపే మనిషి రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే ఏడాది లక్ష్యం మాట అటుంచి పదేళ్ళ పొదుపు పోతుంది.

ఇక ఈ జిల్లాల్లో అన్నిటికన్నా గట్టిగా, అన్నిటికన్నా తప్పుగా పట్టే లక్ష్యం పరుగు. సిక్కోలు పల్లెల్లో తెల్లవారుజామున ఏ రోడ్డు మీదికెళ్ళినా ఆర్మీ కోసం, కానిస్టేబులు ఉద్యోగం కోసం పరిగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. పట్టుదలకి కొదవ లేదు. లెక్కే లేదు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి 1.6 కిలోమీటర్లు ఐదు నిమిషాల ముప్పై సెకన్లలో పూర్తి చేస్తే 60 మార్కులు, అది దాటితే మార్కులు తగ్గుతూ పోతాయి. పది పుల్లప్స్‌కి 40 మార్కులు. మన రాష్ట్ర కానిస్టేబులు పరీక్షలో మగవాళ్ళకి దాదాపు అదే దూరం, 1600 మీటర్లు, ఎనిమిది నిమిషాలు. దూరం ఒకటే కాబట్టి తయారీ ఒకటే అనుకోవడం మొదటి పొరపాటు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కదా, ఎనిమిది నిమిషాలంటే రౌండుకి 120 సెకన్లు, ఐదున్నర నిమిషాలంటే 82.5 సెకన్లు. రెండోదానికి ప్రత్యేకంగా తర్ఫీదు లేకుండా ఒంట్లో ఓపికతో నెట్టుకురావడం చాలామంది వల్ల కాదు.

‘ఈ ఏడాది ఆర్మీలో సెలక్టవుతా’ అనేది లక్ష్యం కాదు, ఫలితం. అది మన చేతిలో లేదు, ఎంతమంది వస్తారో, ఎన్ని ఖాళీలో మనకి తెలియదు. రౌండు సమయం మన చేతిలో ఉంది. ఇప్పుడు ఆరున్నర నిమిషాల్లో పరిగెత్తే కుర్రాడి రౌండు 97.5 సెకన్లు. అక్కడి నుంచి 82.5కి పదిహేను సెకన్లు తగ్గాలి. రెండు వారాలకి రెండు సెకన్ల చొప్పున తగ్గిస్తే పదహారు వారాలు. జనవరి 18న మొదలెడితే మే పదో తేదీ. అందులో పెళ్ళిళ్ళకీ సంబరాలకీ పోయే రోజులున్నాయి, చివరి నాలుగైదు సెకన్లు మొదటివాటంత తేలిగ్గా దిగవు. జూన్ నెలాఖరని రాసుకోవడం తెలివైన పని.

వారం ఎలా గడవాలంటే, ఒకరోజు 400 మీటర్లు ఐదుసార్లు, ఈ పక్షానికి అనుకున్న రౌండు సమయంలో, మధ్యలో రెండు నిమిషాలు నెమ్మదిగా నడక. ఇంకోరోజు 200 మీటర్లు ఎనిమిదిసార్లు, అదే వేగానికి కొంచెం పైన. ఐదున్నర నిమిషాల వేగంలో 200 మీటర్లంటే 41 సెకన్లు. రెండు రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలో నాలుగైదు కిలోమీటర్లు. రెండు రోజులు బార్ మీద పుల్లప్స్, ఒకరోజు పూర్తి విశ్రాంతి. పూర్తి 1600 మీటర్లు గడియారం పెట్టి పరిగెత్తేది రెండు వారాలకి ఒక్కసారే. రోజూ ప్రాణం పెట్టి 1600 పరిగెత్తేవాళ్ళు మూడు వారాల్లో ఒకచోట ఆగిపోతారు, ఎందుకంటే అలిసిన కాళ్ళకి కొత్త వేగం నేర్పే అవకాశమే దొరకదు.

ఆ పరీక్ష రోజున రౌండు రౌండుకీ సమయం ఎవరో ఒకరు అరిచి చెప్పాలి. చెబితే బయటపడే రోగం దాదాపు అందరిదీ ఒకటే. మొదటి రౌండు 72, రెండోది 84, మూడోది 96. జనం మధ్య ఉత్సాహంలో మొదటి 200 మీటర్లు ఎగబడతారు, మూడో రౌండులో చెల్లించుకుంటారు. మొదటి రౌండు 81 కన్నా వేగంగా వెళ్ళకపోవడం కూడా రాసుకోవాల్సిన లక్ష్యమే. నలుగురు దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడం చెప్పినంత తేలిక కాదు, సాధన కావాలి.

ముంగాలి ఎముక నొప్పి ఇంకో గండం. తారు రోడ్డు మీద, అరిగిపోయిన బూట్లతో, వారంలో దూరం ఒక్కసారిగా రెట్టింపు చేసినప్పుడు వస్తుంది. మట్టి గ్రౌండు మీదికి మారాలి, వారం దూరాన్ని పదోవంతుకి మించి పెంచకూడదు. నొప్పి ఒక వేలంత చోట పొడుస్తుంటే పరుగు ఆపి డాక్టరుకి చూపించాలి. మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగుతూ పరిగెత్తడం ఎక్కడైనా తప్పే. కిడ్నీ జబ్బుతో ఇప్పటికే అల్లాడుతున్న ఉద్దానం పల్లెల్లో అయితే మరీ ప్రమాదం, ఆ మాత్రల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉంది.

పెరుగుదల మెట్టు ఎంత ఉండాలనే విషయంలో మన జిల్లా మనిషి దగ్గరే మంచి లెక్క ఉంది. ఊసవానిపేటకి చెందిన కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణానికీ రజతానికీ ఎత్తింది 242.5. అంత పెద్ద వేదిక మీద తేడా రెండున్నర కిలోలు. మనవాళ్ళు జిమ్ములో మొదటి నెలే పదేసి కిలోలు ఎక్కించేసి, నడుం పట్టేసి, మంచం ఎక్కుతారు.

నడక సంగతి తొందరగా తేలిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. ఏడు రోజులూ నడవాలని రాసుకోకండి, ఆ రెండు రోజులే మీ వెసులుబాటు. ఏప్రిల్, మేలలో ఆరున్నర దాటితే ఎండ ఊరుకోదు, ఆ రెండు నెలలకి వేళ మార్చి రాసుకోవాలి. కుండపోత వానలో డాబా మెట్లు ఎక్కి దిగడం పది నిమిషాలు. ఈ పది నిమిషాలది ముఖ్యం. ప్రతి లక్ష్యానికీ చెడ్డరోజు రూపం ఒకటి ముందే రాసి ఉండాలి. పది పేజీలకి బదులు ఒక పేజీ, అరగంటకి బదులు పది నిమిషాలు.

ఎలా రాయాలో మనకి ఎవరో నేర్పనక్కర్లేదు. పీట మీద కూర్చోబెట్టి పంతులుగారు చెప్పించే సంకల్పం గుర్తు తెచ్చుకోండి. జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే అంటూ చోటు చెప్పాక, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెబుతారు. ఆ తర్వాత గోత్రం, పేరు. ఏం చేయబోతున్నామో ఆఖర్న. మనం జనవరి 1న రాసేదాంట్లో ఆ ఆఖరి ముక్క ఒక్కటే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి చెబుతున్నది కూడా ఇంచుమించు ఇదే, ఎప్పుడు ఎక్కడ ఎలా చేస్తామో ముందే ముడిపెట్టుకున్న పనులు ఎక్కువగా జరుగుతాయని. ‘పొద్దున్న నడుస్తాను’ వద్దు. ‘పాలవాడు వెళ్ళగానే చెప్పులు విప్పకుండా అయ్యకోనేరు గట్టు మీద మూడు చుట్లు’ కావాలి. గడియారం కన్నా ఘటన గట్టి ముడి. అలారం నొక్కేసి పడుకోవచ్చు, పాలవాడి గంటకి లేవక తప్పదు.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట నమ్మి చాలామంది ఇరవై రెండో రోజున నిరాశపడతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది (12 వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. జనవరి 17న మొదలుపెడితే 66వ రోజు మార్చి 23. మన ఉగాది దాని చుట్టుపక్కలే వస్తుంది. అందుకని ఉగాది దాకా ఒకే ఒక్క లక్ష్యం నడపమంటాను. డబ్బు ముడి పోస్టాఫీసుకి వేసేస్తే అది లెక్కలోకి రాదు కాబట్టి దానికి తోడు ఇంకొకటి. మూడోది మొదలెట్టేవాళ్ళకి ఆ మూడూ పోతాయి.

తప్పిన రోజున గడిలో ఇంటూ కొట్టి పక్కన కారణం ఒక్క మాటలో రాయండి, ‘జ్వరం’, ‘పెళ్ళి’, ‘బద్ధకం’. సిగ్గుపడాల్సింది లేదు, ఆ కాగితం చూసేది ఇంట్లోవాళ్ళే. వరుసగా రెండు ఇంటూలు పడకుండా చూసుకుంటే చాలు, రెండో రోజుకి చెడ్డరోజు రూపమైనా చేసెయ్యాలి. ఉగాది నాడు పచ్చడి తిన్నాక క్యాలెండరు దించి ఆ మాటలు లెక్కపెట్టండి. ‘పెళ్ళి’, ‘చుట్టాలు’ ఎక్కువుంటే జనవరిలో ఎర్ర పెన్ను సరిగ్గా వాడలేదన్నమాట, వచ్చే మూడు నెలలకి మళ్ళీ కొట్టాలి. ‘బద్ధకం’ ఎక్కువుంటే లక్ష్యం పరిమాణం సగానికి కోసి, పెట్టుకున్న వేళ మార్చాలి. సగం చేసినదే ఆరు వారాలు నిలబడితే మళ్ళీ పెంచొచ్చు. ఇదే పని ఏరువాక పున్నమికి ఒకసారి, వినాయక చవితికి ఇంకోసారి. అక్టోబరు మొదటి వారంలో మాత్రం కొత్తగా ఏదీ ఎత్తుకోకుండా, ఆర్‌డీ వాయిదా ముందే కట్టేసి, చెడ్డరోజు రూపంతో నెల గడిపేయండి.